పార్టీ చరిత్రలో రామాయమ్మ ఇల్లు

మా ఆయన యల్లమంద జుట్టుకు రంగు వేయించుకుని వచ్చిన రోజే నాకు అర్థమైంది, ఏదో వచ్చిపడబోతోందని. అరవై దాటిన మనిషి. చెవుల మీద కూడా నల్లరంగు అంటించుకుని వచ్చి, తెల్లచొక్కా ఇస్త్రీకి ఇచ్చి, ఇటుక రంగు కండువాను నా చేత ఉతికించి, మురికి పోలేదని మళ్ళీ ఉతికించాడు. పార్టీకి నలభై ఏళ్ళు నిండుతున్నాయట. చరిత్ర మొత్తం వీడియోగా తీస్తున్నారట. పల్నాడులో మా ఊరిని, మా ఊళ్ళో మా ఇంటిని ఎంచుకున్నారట.

"నలభై ఏళ్ళే అన్నపూర్ణా! నాతోనే చెప్పిస్తారంట," అన్నాడు.

"చెప్పుకో. టీలు పెట్టేది ఎట్టాగూ నేనేగా," అన్నాను.

పార్టీలో నా పదవి అదే. మొదట్నుంచీ అదే.

మా పార్టీ అసలు పేరు తెలుగు కర్షక సమితి. ఆ పేరు బ్యానర్ల మీద చూడడమే గాని నోటితో అన్నవాళ్ళు లేరు. గుర్తు కవ్వం కాబట్టి అందరికీ కవ్వం పార్టీయే. పెట్టినాయన కాలవల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు. సాగర్ కుడికాలవ చివరి భూములకు నీళ్ళు ఎందుకు అందడం లేదో ఆఫీసులో చెబితే ఎవరూ వినలేదని, లాకుల దగ్గర టెంటు వేసుకుని కూర్చున్నాడు. రొంపిచెర్ల నుంచి వినుకొండ దాకా రైతులు అన్నం మూటలు కట్టుకుని ఆయన దగ్గరికి పోయారు. నేను అప్పుడు కొత్తగా కాపురానికి వచ్చాను. ఆ మనిషిని మా వసారాలోనే చూశాను. మంచం దిగి, సుద్దముక్కతో నేల మీద కాలవ బొమ్మ గీసి, "ఇదిగోమ్మా, నీళ్ళు ఇక్కడ ఆగిపోతున్నాయి" అని నాకు కూడా చెప్పాడు. ఆడదానికి ఎందుకులే అనుకోలేదు. ఆ ఒక్క సంగతికి నేను ఇప్పటికీ ఆయనకు దణ్ణం పెడతాను. తర్వాత పార్టీలో నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, టీలు కావాలని తప్ప.

అప్పట్లో మా ఆయనా, పక్కింటి బ్రహ్మయ్య బావగారూ ఒకే సైకిలు మీద తిరిగేవాళ్ళు. మేం పాలివాళ్ళం. తాతలు కట్టిన ఉమ్మడి ఇంటికి మధ్యలో గోడ పెట్టి పంచుకున్నాం. బావగారు సైకిలు తొక్కితే ఈయన వెనక కూర్చుని మైకులో అరిచేవాడు. బావగారి భార్య రామాయమ్మక్కా నేనూ వాళ్ళ పొయ్యి మీదే వచ్చేపోయే జనానికి వండి పోసేవాళ్ళం. పార్టీ గెలిచింది. మంత్రులు వచ్చారు. కాలవలో నీళ్ళు కొన్నాళ్ళు వచ్చాయి, కొన్నాళ్ళు రాలేదు. అంతలో ఇంజనీరుగారు పోయారు.

ఆయన పోయాక పార్టీ చీలింది. కూతురు ఒక వైపు, తమ్ముడు ఒక వైపు. ఇద్దరూ ఒకే రోజు మీటింగులు పెట్టారు, కూతురు గుంటూరులో, తమ్ముడు విజయవాడలో. ఇద్దరూ ఊరూరికీ బస్సులు పంపారు. మా ఊరివాళ్ళకు చీలిక సంగతి పేపర్లో చదవడమే గాని, ఎవరు ఎటో ఇంకా తేల్చుకోలేదు. పార్టీ మీటింగు అన్నారు, పోదాం అనుకున్నారు. ముందు వచ్చిన బస్సు తమ్ముడిది. బావగారూ ఇంకో సగం మందీ ఎక్కేశారు. మా ఆయన ఆ టైముకు బడ్డీకొట్టు దగ్గర చుట్ట అంటించుకుంటున్నాడు. వెనక బస్సులో వస్తాలే అన్నాడు. వెనక వచ్చిన బస్సు కూతురుగారిది.

ఇదీ మా ఊళ్ళో సిద్ధాంతం! నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి. మర్నాడు పేపర్లో బావగారు తమ్ముడి పక్కన నిలబడిన ఫొటో పడింది. గుంటూరు వెళ్ళొచ్చినవాళ్ళు ద్రోహి అన్నారు. బావగారికి రోషం ఎక్కువ. తెలియక బస్సెక్కానని ఏ మగాడు చెప్పుకుంటాడు? తెలిసే ఎక్కానన్నాడు. ఆ తమ్ముడు తర్వాత తన ముక్కను తీసుకుపోయి ఇంకో పెద్ద పార్టీలో కలిపేశాడు. బావగారు దాంతోపాటే పోయాడు. మేం కవ్వంలో ఉండిపోయాం. తలలు పగిలాయి, కేసులు నడిచాయి, పక్కపక్క ఇళ్ళలో మగాళ్ళకు మాటల్లేకుండా పోయాయి.

అక్కడి నుంచీ మా ఊరికి ఒక ఆనవాయితీ వచ్చింది. ఓట్ల లెక్కింపు రోజు, గెలిచినవాళ్ళు టపాకాయలు కాల్చుకుంటూ వీధిలోకి వచ్చే లోపల, ఓడినవాళ్ళు ట్రాక్టరెక్కి ఊరు దాటాలి. ఎక్కకపోతే ఏమవుతుందో ఒకళ్ళిద్దరు చూపించారు. మళ్ళీ తమ పార్టీ వచ్చేదాకా నరసరావుపేటలో అద్దెకుండాలి. ఆ ఊళ్ళో రైల్వే గేటు అవతల మాబున్నీసా అని ఒకామె ఉంది. మా వీధికి సంబంధించినంతవరకూ ఎవరు ఓడినా చేరేది ఆమె మిద్దె మీది గదికే. మేం దిగిన గదిలో బావగారి వాళ్ళు చేరతారు, వాళ్ళు దిగితే మేం చేరతాం. ఆ గది గోడలకు మేకులు కూడా మేం కొట్టినవి కొన్ని, వాళ్ళు కొట్టినవి కొన్ని.

మగాళ్ళకు తెలియని సంగతి ఇంకోటి ఉంది. రామాయమ్మక్కా నేనూ మాట్లాడుకోవడం ఎన్నడూ మానలేదు. మేం పారిపోయిన ప్రతిసారీ నా కుట్టుమిషనూ, ఇత్తడి సామానూ, మా అమ్మాయి సుప్రజ సర్టిఫికెట్లూ పెరటి గోడ మీదుగా అక్క ఇంట్లోకి పోయేవి. వాళ్ళు పారిపోయినప్పుడు వాళ్ళవి నా ఇంట్లోకి వచ్చేవి. ముందుగది పగిలినా లోపలి సంసారం మిగిలేది. పోయినసారి మేం ఓడినప్పుడు మా ఇంటి తలుపులు పీకి, వసారా కూల్చి, నీళ్ళ మోటారు ఎత్తుకుపోయింది ఎవరో నాకు తెలుసు, బావగారి మనుషులే. ఆ రోజు నా మంగళసూత్రం గొలుసు కొంగున కట్టుకుని పేటకు తెచ్చి నా చేతిలో పెట్టింది ఎవరో కూడా నాకే తెలుసు. నా ఫోన్‌లో అక్క నంబరు "జాకెట్ల టైలరు" అని ఉంటుంది. రోజు విడిచి రోజు మాట్లాడుకుంటాం. పార్టీ ఉంటే ఎంత, పోతే ఎంత? ఈ వయసులో నా మంచీ చెడూ చెప్పుకోవడానికి ఉన్న మనిషి అక్క ఒక్కతే. ఆ మనిషి నాకు పోకూడదు. నాకు కావలసింది అంతకు మించి ఏమీ లేదు.

పోయిన ఎన్నికల్లో కవ్వం గెలిచింది. మేం పేట నుంచి డప్పులతో తిరిగొచ్చాం. బావగారి వాళ్ళు ట్రాక్టరెక్కారు. ఈసారి మావాళ్ళు జేసీబీ తెచ్చారు. పాత పద్ధతిలో తలుపులు పీకి వదల్లేదు. అక్క ఇంటిని ముందు నుంచి నడుం దాకా కూల్చేశారు. మా ఆయన చెయ్యి వెయ్యలేదు. ఆపనూ లేదు. రోడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. నేను లోపలి నుంచి తిట్టిన తిట్లు ఆ మిషను మోతలో ఎవరికీ వినపడలేదు.

వీడియో తీసే పిల్లాడి పేరు సుమంత్. విజయవాడ పార్టీ ఆఫీసులో మీడియా చూస్తాడట. చెడ్డవాడేం కాదు. చెప్పులు బయట విడిచాడు, నన్ను ఆంటీ అన్నాడు, టీ తాగి గ్లాసు తనే కడిగి పెట్టబోయాడు. మా ఆయన్ని వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కాకు చిన్న మైకు తగిలించి, "మొదట్నుంచీ చెప్పండి అంకుల్" అన్నాడు.

ఆయన చెప్పాడు. అబ్బో, ఏం చెప్పాడని! ఇంజనీరుగారు, లాకులు, టెంటు, లాఠీ దెబ్బలు, మైకు, సైకిలు. చెబుతూ చెబుతూ మధ్యలో మంచినీళ్ళు తాగాడు. అన్నీ నిజమే. కాకపోతే ఆ సైకిలు తనంతట తానే నడిచింది. తొక్కిన బ్రహ్మయ్య బావగారు లేడు.

"సైకిలు ఎవరు తొక్కారో చెప్పవేమయ్యా?" అన్నాను గుమ్మంలో నిలబడి.

"ఏమే, ఎల్లి పని చూసుకో," అన్నాడు కెమెరా వైపు నవ్వుతూ.

గంటకు పైనే సాగింది. సుమంత్ ఓపిగ్గా విన్నాడు. తర్వాత, "అంతా బాగుంది అంకుల్. ఇప్పుడు విజువల్ కావాలి. అపోజిషన్ వాళ్ళు మీ ఇల్లు పగలగొట్టారు కదా, అది చూపించండి," అన్నాడు.

"ఇదేగా," అన్నాడు మా ఆయన.

సుమంత్ మా ఇంటిని కింది నుంచి పైకి చూశాడు. గెలిచిన ఊపులో వసారాకు టైల్సు పరిపించాడు మా ఆయన, గోడలకు గులాబీ రంగు కొట్టించాడు. "ఇది పగలగొట్టారంటే ఎవరు నమ్ముతారు అంకుల్? ఆ రోజు ఫొటోలేమైనా ఉన్నాయా?"

ఎక్కడివి ఫొటోలు? పారిపోయేవాళ్ళం ఫొటోలు తీసుకుంటూ నిలబడతామా?

సుమంత్ బయటికి వెళ్ళి వీధిలో అటూ ఇటూ చూశాడు. చూసి, "అది ఎవరిది? అది పర్ఫెక్ట్‌గా ఉంది," అన్నాడు.

రామాయమ్మక్క ఇల్లు. మొండి గోడలు, వంగిపోయిన ఇనప చువ్వలు, మధ్యలో మొలిచిన పిచ్చిమొక్కలు. మా ఆయన ఏమంటాడా అని ఆయన మొహం వైపు చూశాను. ఆయన కాసేపు మెడ గోక్కున్నాడు.

"అది... మా పాలివాళ్ళది. మా తాత కట్టిందేలే. ఒకప్పుడు అంతా ఒకటే ఇల్లు," అన్నాడు.

"అంటే మీదే కదా అంకుల్! టెక్నికల్‌గా మీదే. ఆంటీ అక్కడ నిలబడి నాలుగు మాటలు చెబితే చాలు. లేడీస్ చెబితే ఎమోషన్ ఉంటుంది."

నేను చేతిలో ట్రే అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాను. ఆయన వెనకే వచ్చి వంటింటి తలుపు వేశాడు.

"సిగ్గులేదా నీకు?" అన్నాను. "మనోళ్ళు కూల్చిన కొంపలో నిలబడి, మా ఇల్లు కూల్చారో అని నేను ఏడవాలా?"

"మన ఇల్లు కూల్చలేదా మరి వాళ్ళు? అది అబద్ధమా?"

"కూల్చారు. నిజమే. వాళ్ళు కూల్చింది ఈ ఇల్లు. పక్కది గాదు."

"ఏ ఇల్లయితే ఏందే! పగిలినట్టు కనపడాలి, అంతే గదా. అర నిమిషం నిలబడితే ఏం పోయింది?"

"రామాయమ్మక్క చూస్తది," అన్నాను. నోరు జారాను గాని, అప్పటికి దాచే ఓపిక కూడా లేదు.

ఆయన నా వైపు అదోలా చూశాడు. తెలియకపోవడమేంటి, అన్నీ తెలుసు ఆ మనిషికి. మా కొట్టంలో కట్టేసి ఉన్న గేదె ఎవరిదో తెలిసే, రోజూ పొద్దున్నే దాని పాలతో కాఫీ తాగుతున్నాడు. అడిగితే నేను చెప్పాల్సి వస్తుందని అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. పీట మీద కూలబడ్డాడు.

"అన్నపూర్ణా, నా సంగతి చూడు," అన్నాడు. గొంతులో కోపం లేదు. "జెండా మోసినవాళ్ళలో మనూళ్ళో ఇంకెవరు మిగిలారు? కేసులు తిరిగా. జైల్లో పడుకున్నా. మార్కెట్ యార్డు ఛైర్మన్ ఇస్తామంటున్నారు ఈసారి. ఆ వీడియో పెద్దోళ్ళందరూ చూస్తారంట. ఒక్క పదవే! సచ్చేలోపు ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చోవాలని ఉంది."

రంగు వేసిన జుట్టు కింద తెల్లగా మొలుస్తున్న వెంట్రుకలు కనిపించాయి. ఏం చెయ్యను? నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి మీద జాలి రాకుండా ఉంటుందా? నిలబడతాను గాని నోరు తెరవను అన్నాను. చాలు చాలు అన్నాడు.

ఇటుక పెళ్ళల మీద అడుగు వేసుకుంటూ లోపలికి వెళ్ళాను. జేసీబీ వచ్చిన రోజు తర్వాత నేను ఆ ఇంట్లోకి పోలేదు, పోవడానికి మనసొప్పలేదు. వెనక గది సగం గోడ నిలబడి ఉంది. దాని పక్కన పొయ్యి గట్టు. మట్టిలో కూరుకుపోయి ఒక మూల మాత్రం బయటికి కనబడుతోంది. మేమిద్దరం ఎన్ని వందల మందికి వండాం ఆ గట్టు దగ్గర! సుప్రజను కడుపుతో ఉన్నప్పుడు నన్ను అక్కడే కూర్చోబెట్టి అక్క అన్నం కలిపి తినిపించేది. నాకు ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. కెమెరా ఉందనీ, మైకు ఉందనీ ఏమీ గుర్తులేదు.

"ఇది మా ఇల్లు గాదు," అన్నాను. "ఇది రామాయమ్మక్క ఇల్లు. బ్రహ్మయ్య బావగారి ఇల్లు. మా పార్టీవాళ్ళే కూల్చారు. అంతకు ముందు మా ఇల్లు వాళ్ళు కూల్చారు. ఈ పార్టీకి ఈ పొయ్యి మీద వండి పెట్టింది మేమిద్దరం. ఆమె ఇప్పుడు పేటలో అద్దెగదిలో ఉంది. మొన్నటిదాకా అదే గదిలో నేనున్నా. ఏం సాధించారయ్యా మీరు? నీళ్ళు తెస్తానని పెట్టాడాయన పార్టీ. నీళ్ళు వచ్చాయా? కొంపలు కూలాయి గాని!"

ఇంకా ఏమేమో అన్నాను. కొంగుతో మొహం తుడుచుకుని చూసేసరికి మా ఆయన రోడ్డు మీద తల దించుకుని ఉన్నాడు. సుమంత్ మాత్రం కెమెరా ఆపి బొటనవేలు పైకి చూపించాడు.

"సూపర్ ఆంటీ! చాలా నేచురల్‌గా వచ్చింది," అన్నాడు. తర్వాత మా ఆయన దగ్గరికి పోయి మెల్లగా, "ఏం కంగారు పడకండి అంకుల్. ఆడియో తీసేసి మ్యూజిక్ వేస్తాం," అన్నాడు. మెల్లగా అన్నా నాకు వినిపించింది. నాకు వినిపించిందని తెలిసినా అతనికి ఏమీ అనిపించలేదు.

ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేసి అంతా చెబుదామనుకున్నాను. బటన్ మీద వేలు పెట్టి తీసేశాను. ఏమని చెప్పాలి? నీ ఇంట్లో నన్ను నిలబెట్టారని చెప్పాలా? నా మాటలు ఎట్టాగూ తీసేస్తారు గదా, బొమ్మ కూడా తీసేస్తారేమోలే అని ఒక పిచ్చి ఆశ. అట్లా ఒక రోజు, ఇంకో రోజు గడిచిపోయాయి.

గుంటూరులో వార్షికోత్సవానికి మా ఆయన వెళ్ళిన రోజు, మధ్యాహ్నానికల్లా వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. సుప్రజ శావల్యాపురం నుంచి పంపించింది, "అమ్మా, నువ్వు ఫేమస్" అని. చూశాను. ఇంజనీరుగారి పాత ఫొటోలు, జెండాలు, డ్రోన్ మీంచి కాలవ. తర్వాత నేను. ఇటుకల మధ్య నిలబడి చెయ్యి ఊపుతూ ఏడుస్తున్నాను. ఏదో వయొలిన్ మోగుతోంది. వెనక నుంచి గంభీరమైన మగగొంతు, "ప్రత్యర్థులు నేలమట్టం చేసిన తన ఇంటి శిథిలాల మధ్య పల్నాటి ఆడపడుచు అన్నపూర్ణమ్మ" అంటోంది. పెదాలు కదులుతున్నాయి. మాట ఒక్కటి లేదు. నా ఏడుపు నాదే, మాట మాత్రం వాళ్ళది.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మర్నాడు కూడా ఎత్తలేదు. పార్టీ చీలిన రోజు కూడా నాతో మాట్లాడిన మనిషి. ఇల్లు కూల్చిన రోజు కూడా, "నువ్వు ఏడవబాకే" అని నాకే ధైర్యం చెప్పిన మనిషి. మా ఆయన పొలం నుంచి రాకముందే తాళం వేసి, నరసరావుపేట బస్సెక్కాను. గుంటూరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన కూడా నాతో సరిగ్గా మాట్లాడలేదు, ఏమైందో చెప్పలేదు. అడిగే తీరిక నాకూ లేదు.

మాబున్నీసా నన్ను మెట్ల దగ్గరే చూసి, "ఏందమ్మా, మళ్ళీ ఓడిపోయారా?" అంది. నాకు నవ్వు కూడా రాలేదు.

గది తలుపు తీసింది హర్ష, అక్క కొడుకు. ముప్పై దాటాడు, పేటలో సెల్‌ఫోన్ల కొట్లో చేస్తాడు. సొంతూళ్ళో కాలు పెట్టలేనివాడికి పిల్లనెవరిస్తారని ఇంకా పెళ్ళి కాలేదు. నేను ఎత్తుకు పెంచిన పిల్లాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎందుకొచ్చావు పిన్నీ? ఇంకేం మిగిలిందని?"

"అమ్మను చూడాలిరా."

"ఇల్లు కూల్చింది సాలక, ఆ ఇల్లే మాది అని చెప్పుకుంటారా? మా పార్టీ రానీ. మీ గులాబీ ఇల్లు పునాదులతో సహా..."

"హర్షా, జరుగు," అంది అక్క లోపలి నుంచి.

అక్క మంచం మీద కూర్చుని ఉంది. లేవలేదు. నన్ను కూర్చోమనలేదు, మంచినీళ్ళు కావాలా అనలేదు. బావగారు ఊళ్ళో లేడు, కోర్టు వాయిదాకు గురజాల పోయాడట. ఆ గదిలో నేను ఐదేళ్ళు ఉన్నాను. అయినా ఆ రోజు ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

"నా పొయ్యి గట్టు పక్కన నిలబడ్డావు," అంది అక్క. "చూశా. నా గట్టే. నీ ఇల్లని చెప్పారు."

"నేను ఆ మాట అనలేదక్కా. నీ ఇల్లనే చెప్పా. నీ పేరు పెట్టి చెప్పా. మా వాళ్ళే కూల్చారని కూడా చెప్పా. వాళ్ళు తీసేసి మ్యూజిక్ వేశారు."

"అట్టా అంటారులే," అన్నాడు హర్ష.

"మీ అమ్మ మీద ఒట్టురా."

"ఒట్టు ఎవరికి కావాలి? అసలు ఆడ ఎందుకు నిలబడ్డావు?"

మొగుడి మీద జాలిపడి నిలబడ్డాను అని చెప్పడానికి నోరు రాలేదు. అక్క కూడా ఆ జవాబు కోసమే చూస్తోంది. నేను చెప్పినదాన్ని ఆమె నమ్మడం లేదని కాదు, నమ్మాలని ఉన్నా పట్టుకోవడానికి ఏమీ దొరకడం లేదు ఆమెకు. వీడియోలో నా మొహం ఉంది. అంతకంటే ఎవరి మాట నిలబడుతుంది?

అప్పుడు నా ఫోన్ మోగింది. మా ఆయన. ఈ మధ్య ఈ ఫోన్‌లో మాట సరిగ్గా వినపడదు నాకు, ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాను. చేతి అలవాటున అట్లాగే నొక్కాను.

"తాళమేసి యాడికి పోయావే?" అన్నాడు. అలిసిన గొంతు.

"రామాయమ్మక్క ఇంట్లో ఉన్నా."

అంత చిరాకులో ఉన్నాడేమో, ఆలోచించకుండా అనేశాడు. "దానికి ఇల్లెక్కడిదే? మనోళ్ళు కూల్చి పారేశారు గదా!"

హర్ష నా చేతిలో ఫోన్ వైపు చూస్తున్నాడు. అక్క మంచం పట్టె పట్టుకుని ఉంది.

"ఆ మాట కెమెరా ముందు ఎందుకు రాలేదయ్యా నీకు?" అన్నాను. ఏడుపు ఆగలేదు. "నేను అన్నా గదా అదే మాట. ఎదురుగా నిలబడి విన్నావు గదా. అక్క ఇల్లని అన్నానా లేదా? చెప్పు!"

"అన్నావులే," అన్నాడు. "నువ్వు అన్నీ అన్నావు."

అక్క లేచింది. నా దగ్గరికి వచ్చి ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. పార్టీ చీలిన నాటి నుంచి మా ఆయనతో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

"యల్లమందా, నేనయ్యా. మీ వదినని."

ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఇప్పుడు అన్నావే, అదే మాట మీ పార్టీవాళ్ళకు చెప్పు. ఇల్లు ఫలానా వాళ్ళదని. నాకు ఇంకేం వద్దు," అంది అక్క.

"చెప్పొచ్చు వదినా," అన్నాడు. "చెబితే మాత్రం ఉంచుతారా? నేను గంట సేపు చెప్పా వాళ్ళకి. లాకుల కాడ నుంచి చెప్పా. ఒక్క ముక్క ఉంచలా. గుంటూరులో వేశారు, అంత పెద్ద తెర మీద, కళ్ళు కాయలు కాచేలా చూశా. నేను యాడా లేను. మార్కెట్ యార్డు కూడా మొన్న మీ పార్టీ నుంచి మారి వచ్చినోడికి ఇచ్చారు. నన్ను గేటు కాడ ఆపి, పాసుందా అని అడిగారు వదినా."

ఆయన ఏడుస్తున్నాడో లేదో తెలియలేదు. హర్ష గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఆయన మీద కోపం పోలేదు, కానీ అరిచే ఓపిక మాత్రం పోయింది.

అక్క ఫోన్ పట్టుకునే మంచం మీద పరిచి ఉన్న బట్టలు ఒక పక్కకు తోసి, నన్ను కూర్చోమని చేత్తో సైగ చేసింది.

"అన్నపూర్ణ ఈడ అన్నం తిని వస్తది," అంది ఫోన్‌లో. "నువ్వు ఇంత వండుకుని తిను."